సూర్యుడు వంత పాడితే

పిల్లలకు పర్యావరణం గురించి చెప్పాలంటే మనవాళ్లకు తెలిసిన దారి ఒక్కటే: సభ. అతిథి వస్తాడు, మొక్క నాటుతాడు, ఫొటో దిగుతాడు, ప్రతిజ్ఞ చేయించి వెళ్లిపోతాడు. పర్యావరణ విద్యను బడిలో తప్పనిసరి చేయమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠం పుస్తకంలోకి వచ్చింది గానీ పిల్లల నోటికి మాత్రం ఎక్కలేదు. నోటికెక్కాలంటే పాట ఉండాలి, పాటను లాక్కెళ్లే కథ ఉండాలి, కథలో నవ్వుండాలి. ఈ మూడింటినీ ముగ్గురే మనుషులతో పండించే కళ మన దగ్గర ఉంది. అది బుర్రకథ. దానికి ఎండతో నడిచే మైకు సెట్టును జోడించి బడికి తీసుకురావాలని నా వాదన.

ముందు ఆ ముగ్గురి పనితనం చూడండి. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు, అంటే వంత పాడేవాళ్లు. గుమ్మెటకు ఒక మూతికి చర్మం బిగిస్తారు, రెండో మూతి తెరిచే ఉంటుంది. ఒక చేత్తో చర్మాన్ని వాయిస్తూ, రెండో చేత్తో ఆ మూతిని మూస్తూ తెరుస్తూ నాదాన్ని కావలసినట్టు వంచుతారు. మట్టి గుమ్మెట పలికినట్టు లోహం పలకదని పాతవాళ్లంటారు. జంగం కథల్లోంచి ఈ కళ పుట్టిందంటారు. ఆ లెక్క పండితులు తేల్చుకుంటారు.

అసలు గొప్పతనం పని పంపకంలో ఉంది. కథకుడు కథ నడుపుతాడు. అతను ఊపిరి పీల్చుకునే సందులో వంతలు ‘తందానా’ అందుకోవాలి. అర మాత్ర ఆలస్యమైనా కథ కుంటుతుంది. వంతల్లో ఒకరు హాస్యపు వంత, పిల్లవాడు అడగడానికి సిగ్గుపడే ప్రశ్నను తనే అమాయకంగా అడిగేస్తాడు. రెండోవారు రాజకీయపు వంత, కథను ఆపి, అందులోని సంగతిని ఇవాళ్టి ఊరి సంగతితో ముడివేస్తాడు. ఎండిన చెరువైనా, కాలుతున్న ప్లాస్టిక్ కుప్పయినా అతని నోట రావలసిందే. పర్యావరణం కోసం బుర్రకథలో కొత్తగా చోటు చేయనక్కర్లేదు. ఆ చోటు ఎప్పటినుంచో ఉంది.

నాజర్ గారి పేరెత్తకుండా ఈ మాట ముగించలేను. పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథ పితామహుడనిపించుకుని, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. పల్నాటి యుద్ధం చెబుతుంటే ఆయనే నాగమ్మ, ఆయనే బ్రహ్మనాయుడు, మరుక్షణంలో బాలచంద్రుడు. వేషం మార్చింది లేదు, గొంతూ నడకా మార్చడమే. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథను ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్లున్నారు. ఆడవాళ్లకు బుర్రకథ ఎందుకన్న రోజుల్లోనే దళం కట్టి ఊరూరా తిరిగిన మోటూరి ఉదయం గారిదీ అంతటి తెగువే.

ఆ అల్లూరి కథనే తీసుకోండి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యం మనుషుల పోడు సాగు మీద ఆంక్షలు పెట్టింది. 1922లో అల్లూరి నడిపిన రంప పితూరీ రగలడానికి అది పెద్ద కారణం. అంటే అడవి ఎవరిది, దాన్ని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న కథ కడుపులోనే ఉంది. హాస్యపు వంత “అన్నా, చెట్టు కూడా దొరగారిదేనా?” అని అడిగితే చాలు, పాఠం మొదలైనట్టే.

ఇక ఎండ సంగతి. ప్రచారపు ఆటోలకు కట్టే మైకు సెట్లు చాలావరకు 12 వోల్టుల బ్యాటరీతోనే నడుస్తాయి, ఇన్వర్టర్ అక్కర్లేదు. 100 వాట్ల సోలార్ ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ ఉంటే సరి. మంచి ఎండ కాస్తే ఆ ప్యానెల్ రోజుకు దాదాపు 400 వాట్-అవర్లు ఇస్తుంది. 60 వాట్లు లాగే సెట్టుకు రెండు గంటల కథకు కావలసింది 120. పగలు పట్టిన ఎండతో రాత్రి కథ చెప్పుకోవచ్చు. ఇలాంటి 12 వోల్టుల ప్యానెల్‌లో మామూలుగా 36 సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్‌ను నోటుపుస్తకంతో కప్పమని పిల్లలకు చెప్పండి, కరెంటు కొలిచే మీటరు ముల్లు గభాలున పడిపోతుంది. “మబ్బొస్తే ఎట్లా?” అని పిల్లలే అడుగుతారు. బ్యాటరీ ఎందుకో అప్పుడు చెప్పాలి, అంతకుముందు కాదు.

సౌర సంగీతం కొత్త కాదు. 2009 ఆరంభంలో చెన్నై నుంచి ఢిల్లీకి రేవా విద్యుత్ కార్లలో సాగిన యువజన యాత్రలో, న్యూయార్క్ నుంచి వచ్చిన సోలార్ పంచ్ బృందం ఎండ కరెంటుతోనే పాడింది. మెచ్చుకోవలసిందే. అయితే నా పక్షపాతం నాది. వాళ్ల గిటార్లకు ఎండ పట్టాలి, మన గుమ్మెటకు అదీ అక్కర్లేదు. గది చిన్నదైతే మైకే వద్దు. ఎంత కరెంటు తక్కువ వాడితే అంత మేలన్న పాఠాన్ని గుమ్మెట నోరు తెరవకముందే చెప్పేస్తుంది.

ఇప్పుడు కడుపుమంట. బుర్రకథ పేరుతో బళ్లలో జరుగుతున్నదేమిటి? పెన్‌డ్రైవ్‌లో కీబోర్డు ట్రాక్, దానికి పెదవులు కదిపే ముగ్గురు, మెడలో వాయించని గుమ్మెటలు. కథ ఉండదు, కరపత్రానికి చివర ‘తందానా’ తగిలిస్తారు. హాస్యపు వంతకు హాస్యం రాదు, రాజకీయపు వంతకు ఊరి పేరే తెలియదు. ఇంకా ఘోరం, పర్యావరణ దినం నాడు డీజిల్ జనరేటరు పెట్టి డీజే మోగించడం! బడి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పొగా మోతా రెండూ పిల్లల మీదికి వదిలి, పుడమిని కాపాడమని వాళ్లకే చెప్పడం ఏం న్యాయం? అవతల, పదునైన గొంతున్న కథకులు కూలికి పోతున్నారు. వాళ్ల పిల్లలకు గుమ్మెట పట్టుకోవడం కూడా రాదు.

హెడ్మాస్టర్లకు ఒక్కటే మనవి. ఈసారి వార్షికోత్సవానికి డీజే మానేయండి. మీ చుట్టుపక్కల మిగిలిన దళాన్ని వెతికి పిలవండి. ముందురోజే రప్పించి మీ ఊరి చెరువు చూపించండి, రాజకీయపు వంతకు సరుకు దొరుకుతుంది. ప్యానెల్ వైర్లు పిల్లలచేత, సైన్సు మాస్టారి ఎదుట, కలిపించండి. ట్రాక్ తెచ్చేవాళ్లను గేటు దగ్గరే వెనక్కి పంపండి. నిజంగా వాయించే వాళ్లకు కండువా కప్పి సరిపెట్టకండి. కూలి ఇవ్వండి, మళ్లీ ఏడాదికీ ఇప్పుడే బయానా ఇవ్వండి.