నీళ్లు దిగుమతి చేసుకున్న రేవు

ఈ వారం మళ్లీ అదే ఫొటో వచ్చింది. వెనకాల కువైట్ టవర్స్, ముందు ఎండకు కళ్లు చికిలించుకుని నిలబడిన ఒక అక్క. వాళ్లది రాయచోటి దగ్గర పల్లె, ఇక్కడ ఒక అరబ్బు ఇంట్లో పని. "అన్నా, కువైట్ చూసేసినా" అని కింద రాసింది. ఈ కాలమ్ చదివేవాళ్లు పంపే ఫొటోల్లో ఎక్కువ ఇలాంటివే. శుక్రవారం మాలియాలో బస్సు దిగడం, ఊరికి డబ్బు పంపడం, టవర్స్ దగ్గర ఒక ఫొటో తీసుకోవడం, చీకటి పడేలోపు మేడమ్ ఇంటికి చేరడం. చూసేసినట్టే. నాకు చిరాకేసింది.

ఎందుకో పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు. మచిలీపట్నం గురించి రాసినా, కోరంగి గురించి రాసినా నేను పాడే పాట ఒకటే. రేవు పట్నంలో ఎత్తుగా కనిపించేవాటి దగ్గరికి ఆఖరున పోవాలి. ముందు పడవలు కట్టేసే చోటికి పోవాలి. అక్కడ ఏం దించుతున్నారు, ఏం ఎక్కిస్తున్నారు అన్నదాన్ని బట్టి ఆ ఊరు దేనితో బతికిందో తెలుస్తుంది. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చదివితే కర్పూరానికి ఎంత సుంకం, ముత్యాలకు ఎంత, పట్టుకు ఎంత అని వరసగా ఉంటుంది. ఆ రేవు గురించి అంతకంటే నిజమైన మాట ఏ కట్టడమూ చెప్పలేదు.

అందుకని శుక్రవారం పొద్దున్నే సూక్ షర్క్ పక్కనున్న పడవల రేవుకు వెళ్లాను. గట్టు మీద గర్గూర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. గర్గూర్ అంటే ఇనుప తీగతో అల్లిన చేపల బోను, మనిషి పట్టేంత గుమ్మటం. ఒక పక్క గరాటులాంటి నోరు ఉంటుంది. లోపలికి వెళ్లిన చేపకు తిరిగి దారి దొరకదు. తెగిన తీగను ఒకతను పట్టుకారుతో మెలిపెట్టి బాగు చేస్తున్నాడు. వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. పక్కనే చేపల మార్కెట్లో జుబైదీ, అంటే మన చందువ, ఐసు మీద వరసగా పరిచి ఉంది. ఈ ఊళ్లో మొదట చూడాల్సింది ఇదేనని నా నమ్మకం.

అక్కడి నుంచి పడమరకు నడిస్తే గడియారపు బురుజున్న సైఫ్ ప్యాలెస్, ఇంకా ముందుకు పోతే బెదూయిన్ల నేతపని దాచిన సదూ హౌస్, పాత అమెరికన్ మిషన్ ఆస్పత్రి. తూర్పుకు నడిస్తే డిక్సన్ హౌస్. బ్రిటిష్ ప్రతినిధి భార్యగా 1929లో వచ్చిన వయొలెట్ డిక్సన్, భర్త పోయాక కూడా 1990 దాకా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఊరి చుట్టూ 1920లో కట్టిన మట్టి గోడను 1957లో పడగొట్టి, దర్వాజాలు మాత్రం ఉంచారు. ఇవన్నీ మంచివే. వీటికి ఒక గంట చాలు.

గంటలు గంటలు నిలబడాల్సింది మాత్రం సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దగ్గరున్న ఫతే అల్ ఖైర్ ముందు. 1938లో కట్టిన బూమ్ అది. రెండు కొసలూ మొనదేలి ఉండే సరుకుల ఓడను ఇక్కడ బూమ్ అంటారు. చమురు రాకముందు సముద్రం మీద తిరిగిన ఆ జాతి ఓడల్లో కువైట్‌కు మిగిలింది ఇదొక్కటే. ముందు పలకలు అంచుకు అంచు కలిపి ఒళ్లు తయారుచేసి, తర్వాత లోపల పక్కటెముకలు బిగించేవారు. టేకు మలబారు నుంచి వచ్చేది. ఇక్కడ చెట్టు ఎక్కడిది? బస్రా ఖర్జూరం ఎక్కించుకుని ఈశాన్య గాలితో మన పడమటి తీరానికీ ఆఫ్రికాకూ పోయేవారు. బియ్యం, కలప, కొబ్బరి తాడు తెచ్చుకునేవారు. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. మన పిల్లలు ఇక్కడ దినార్లను రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుంటారు కదా, ఒకప్పుడు కువైటీ నాఖుదా కాలికట్‌లో మార్చుకునే పనే లేకుండా బేరమాడాడు. నాఖుదా అంటే ఓడ యజమాని లాంటి సారంగు.

ఆ ఓడ ముందు నిలబడే మళ్లీ నా పాత ప్రశ్న వేసుకున్నాను. ఈ రేవు దేనితో బతికింది? ముత్యాలనీ, ఖర్జూరమనీ పుస్తకాలు చెబుతాయి. నిజమే. కానీ ప్రతి రోజూ దిగాల్సిన సరుకు ఇంకొకటుంది. మంచినీళ్లు. షామియాలో, హవల్లీలో ఉన్న లోతులేని బావులు పెరిగిన ఊరికి చాలలేదు. ఓడల్లో కొయ్య తొట్లు కట్టి షత్ అల్ అరబ్ నది దాకా పోయి నింపుకొచ్చేవారు. తీరాన దించి, తోలుతిత్తుల్లో గాడిదల మీద వేసి వీధి వీధికీ అమ్మేవారు. గాలి తిరగబడి ఓడలు ఆలస్యమైతే ఊరంతా సముద్రం వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే ప్లాంటు వచ్చాకగానీ ఆ ఎదురుచూపు తీరలేదు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా పాపాఘ్ని ఏటి ఇసుక గుర్తొస్తుంది. ఎండాకాలం మా జేజి నన్ను వెంటబెట్టుకుని ఏటికి పోయేది. మోకాటి లోతు చెలమ తీసేది. అడుగున ఇసుక తడిసి నల్లబడేది, అంచుల నుంచి నీళ్లు ఊరేవి. మొదటి రెండు చిప్పలు బురదగా ఉంటాయని పక్కన పారబోసేది. ఆమె పారబోస్తుంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. నీళ్లు తేరుకున్నాక కొబ్బరి చిప్పతో కొంచెం కొంచెంగా తోడి, గుడ్డ వేసి బిందెలోకి వడగట్టేది. తొందరపడితే చెలమ గోడ కూలి మళ్లీ బురదయ్యేది. బిందె నిండేసరికి వెనక ఇంకో ఇద్దరు కూర్చుని ఉండేవారు. "ఊరనీరా, ఊరనీ" అనేది నా మొహం చూసి. ఇంటికొచ్చాక బియ్యం కడిగిన కుడితి గేదెకు, కూరగాయలు కడిగినవి మల్లెచెట్టుకు. ఒక్క చుక్క కూడా ఊరికే పోయేది కాదు. తర్వాత ట్యాంకరొచ్చింది. ట్యాంకరు చుట్టూ బిందెల కొట్లాట వచ్చింది. రాయలసీమ ఇళ్లలో పెరిగినవాళ్లెవరికీ నేను ఇది వివరించనక్కర్లేదు. మా వైపు ఆడవాళ్లు కువైట్ విమానం ఎక్కడానికి మొదటి కారణం ఏమిటని అడిగితే నేను పేదరికం అనను, వానలేమి అంటాను.

సాయంత్రం టవర్స్ దగ్గరికి వెళ్లాను, నా పద్ధతి ప్రకారం ఆఖరున. చాలామంది వాటిని రెస్టారెంటున్న షోకు కట్టడం అనుకుంటారు. అవి వాటర్ ట్యాంకులు. దేశమంతటా సునే లిండ్‌స్ట్రోమ్ అనే స్వీడన్ ఆర్కిటెక్టు కుక్కగొడుగుల్లాంటి ట్యాంకులు 31 కట్టాడు. తీరంలోని ఈ కొస మీద మాత్రం వేరుగా ఉండాలని అప్పటి పాలకులు అడిగారు. డెన్మార్క్‌కు చెందిన మలీన్ బియోర్న్ ఈ రూపం గీసింది. 1979లో జనానికి తెరిచారు. పెద్దది 187 మీటర్లు. దాని పెద్ద గోళంలో కింది సగం నీళ్లే, 45 లక్షల లీటర్లు. రెండో టవర్ గోళంలోనూ అంతే. మూడోది నీళ్లు మోయదు, మిగతా రెండింటికీ దీపాలు వేసే సామగ్రి దానిలో ఉంది. దగ్గరికెళ్లి తలెత్తి చూస్తే గోళాల మీద అతికించిన ఎనామెల్ పళ్లేలు కనిపిస్తాయి. దాదాపు 41 వేలు. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో. పొద్దు వాలుతుంటే ఒక్కో పళ్లెం ఒక్కో రంగులో మెరుస్తుంది.

తోలుతిత్తిలో నీళ్లు కొనుక్కున్న ఊరు, ఇల్లు గడవడం మొదలయ్యాక తన తీరం మీద అన్నిటికంటే ఎత్తున నిలబెట్టుకున్నది రాజుగారి బొమ్మ కాదు, యుద్ధస్తంభం కాదు, నీళ్ల తొట్టి. ఈ పాత రేవుకు ఇంతకంటే సరైన గుర్తు లేదు. సైఫ్ ప్యాలెస్ గడియారం చెప్పనిది, ఫతే అల్ ఖైర్ సగమే చెప్పేది, ఇవి పూర్తిగా చెబుతాయి. చెలమ దగ్గర చిప్ప పట్టుకుని కూర్చున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నేరుగా వీటి ముందుకొచ్చి నిలబడుతున్నారంటే, చూడాల్సిన చోటే చూస్తున్నారు. ముందు పడవల రేవుకు పోవాలన్న మాట నేను వదులుకోను. కానీ ఒక్క చోటు చూసే టైమే ఉంటే, ఆ ఒక్క చోటు టవర్సే.

ఆ టైమే అసలు సమస్య. ఫొటో పంపిన అక్కకు బయటికి పోవడానికి ఎప్పుడో గానీ కుదరదట. అక్కల్లారా, కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజు జీతంతో సెలవు ఇచ్చింది. పని రోజుకు 12 గంటలు మించకూడదనీ చెప్పింది. ఆ సెలవు మీ హక్కు, అడగండి. కారున్న తమ్ముళ్లు నెలకొక శుక్రవారం మన ఊరి ఆడవాళ్లను ఎక్కించుకుని తీరమంతా చూపించండి. అడిగినా సెలవు ఇవ్వకపోతే, మన ఎంబసీ కూడా టవర్స్ ఉన్న ఆ గల్ఫ్ రోడ్డు మీదే ఉంది.