పాటతో ఎక్కే కొండ

తెల్లవారుజామున నాలుగున్నరకు తిరుమల కొండ కింద అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడితే తెలుస్తుంది, కొండెక్కడం కూడా ఒక విద్యేనని. తిరుమల తిరుపతి దేవస్థానం దాస సాహిత్య ప్రాజెక్టు మూడు నెలలకోసారి జరిపే మెట్లోత్సవానికి ఊళ్ళ నుంచి భజన గోష్ఠులు దిగుతాయి. మెట్టుకు పసుపు, కుంకుమ పెడతారు. గురువు పల్లవి ఎత్తుకుంటాడు. అక్కణ్ణుంచి 3,550 మెట్లు.

ఆ దారి అన్నమయ్యది. ఇంట్లో చెప్పకుండా తాళ్ళపాక నుంచి బయలుదేరిన పిల్లవాడు యాత్రికుల గుంపు వెంటబడి తిరుపతి చేరాడు. మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన 'అన్నమాచార్య చరిత్రము' ఆ ప్రయాణాన్ని గుర్తులతో సహా చెబుతుంది. తలయేరు గుండు దాటాక, మోకాళ్ళ ముడుపు (ఇప్పటి మోకాళ్ళ పర్వతం) దగ్గర ఆకలికి కళ్ళు తిరిగి, వెదురుపొదలో బండ మీద పడిపోయాడు. అలమేల్మంగ వచ్చి, కాళ్ళకున్న చెప్పులు విడవమని చెప్పి, ప్రసాదం పెట్టింది. లేచిన పిల్లవాడు అక్కడికక్కడే అమ్మ మీద శతకం చెప్పాడు! వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఈ గ్రంథాన్ని అచ్చుకెక్కించకపోతే ఈ దారి ఇంత వివరంగా మనకు దక్కేదే కాదు. కుక్కలదొడ్డి నుంచి అడవిలో పడి పోయే బాటనూ అన్నమయ్య కాలిబాట అంటారు. ఆ అడవి అందం కాదనను. కానీ ద్విపదలోని గుర్తులు అలిపిరి దారిలో ఉన్నాయి, నా పక్షం ఇదే. మెట్లు, గాలిగోపురం తర్వాతి కాలంలో మట్ల రాజులు కట్టించారంటారు.

మంచి గురువు పనితనం చూడాలంటే అతని నోరు కాదు, గుంపు కాళ్ళు చూడాలి. మొదటి మెట్ల మీద కుర్రాళ్ళు పరుగెత్తబోతారు. గురువు ఏమీ అనడు, తాళం ఒక మెట్టు దించుతాడు. అంతే, కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. చరణం తను పాడి, పల్లవి గుంపుకు వదులుతాడు. వాళ్ళు పల్లవి తిప్పినంతసేపూ అతనికి ఊపిరి. అతను చరణం అందుకుంటే వాళ్ళకు ఊపిరి. పల్లవి, మూడు చరణాలు అన్న అన్నమయ్య పదం కట్టుబడి కొండెక్కేవాడి గుండెకు ఎంత బాగా సరిపోయిందో! నిటారు మెట్లొస్తే పొడవైన సాగదీతలుండవు, చిన్న చిన్న దరువులే. తలయేరు గుండు దగ్గర అందరూ మోకాళ్ళు ఆనించి మొక్కేదాకా చిడతలు ఆగవు. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతారు. అక్కడ గురువు పాట ఆపి, అన్నమయ్య కథ మాటల్లో చెబుతాడు. శెనక్కాయ చేలు ఎండి, అప్పు మిగిలిన ఏడాది కూడా సంచిలో బొరుగులు కట్టుకుని వచ్చిన మనుషులు ఆ కథ వింటూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఏ కచేరీ హాల్లోనూ నాకు దొరకని సంగీతం అది.

ఈ పాటల్లో మన అనంతపురం జిల్లాకు వాటా ఉందని గట్టిగా చెబుతాను. అన్నమయ్య పదాలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఆ మూగ రేకులకు గొంతునిచ్చిన మహానుభావుల్లో ముందువరస రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిది. కంబదూరు దగ్గరి రాళ్ళపల్లిలో 1893లో పుట్టారు, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు, తర్వాత తిరుపతిలో కూర్చుని రేకులు పరిష్కరించి, పదాలకు స్వరాలు కట్టారు. 1974లో సంగీత కళానిధి. 1979లో దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవం అందిన రోజే కన్నుమూశారు. ఇక పెనుకొండ సంగతి. సాళువ నరసింహరాయలు అన్నమయ్యను అక్కడికి పిలిపించుకుని, తన మీద పదం చెప్పమన్నాడు. అన్నమయ్య చెప్పనన్నాడు. సంకెళ్ళు వేయించాడు. రాజుకు లొంగని ఆ పాట మన గడ్డ మీద నిలబడింది. ఇప్పుడు జిల్లా పేరు మారినా ఆ కొండ మనదే.

అలాంటి పాటను ఏం చేస్తున్నాం? భుజాన బ్లూటూత్ స్పీకరు, అందులో సినిమా దరువు అతికించిన అన్నమయ్య! పక్క గోష్ఠి గురువు గొంతు చించుకున్నా వినిపించదు. స్పీకరుకు ఊపిరి అక్కర్లేదు, అలసిన ముసలమ్మ కోసం అది తాళం దించదు. గంటన్నరలో ఎక్కానని ఫోనులో చూపించుకునేవాళ్ళు తలయేరు గుండు ఎక్కడుందంటే తెల్లమొహం వేస్తారు. మోకాళ్ళ పర్వతం దగ్గర సెల్ఫీ కోసం మెట్లకు అడ్డం నిలబడతారు. కోపం రాదా మరి? తరాల గురువులు కాళ్ళతో, గొంతుతో కూడబెట్టిన విద్య మన కళ్ళముందే చెల్లాచెదురవుతోంది. పల్లెల్లో భజన గుళ్ళకు తాళాలు పడుతున్నాయి. గురువుల జుట్టు నెరిసింది, వెనక పల్లవి అందుకునే కుర్రాళ్ళు తగ్గారు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి. కళ్యాణదుర్గం, కదిరి, హిందూపురం, ధర్మవరం వైపు గోష్ఠుల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆ రోజుకు కొండకు వచ్చేటప్పుడు ఊళ్ళో బడిపిల్లలను ఇద్దరినైనా వెంట తీసుకురండి. నెల ముందు నుంచి సాయంత్రాలు భజన గుడిలో కూర్చోబెట్టి, రాళ్ళపల్లి వారు కట్టిన పదాలు రెండు నేర్పండి. ముందు చేతికి చిడతలివ్వండి, తర్వాత పల్లవి అప్పగించండి. స్పీకర్లు ఇంట్లోనే ఉంచి రండి.