చలిని చదివిన రెండు పద్ధతులు

రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో చలి ముదిరిన రాత్రి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. ఈ రెండు కొసలూ ఎరిగిన మనవాళ్ల ముందు, గడ్డకట్టే చలిలో బతికే బ్యాక్టీరియా మీద వచ్చిన రెండు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టాలనిపించింది. ఒకటి 2005లో అమెరికా నుంచి వచ్చింది. రెండోది 2010లో మన హైదరాబాద్ సీసీఎంబీ నుంచి.

అమెరికా పత్రం ఆర్కిటిక్ సముద్రం అడుగు మట్టిలో దొరికిన కోల్వెలియా సైక్రెరిత్రియా 34హెచ్ గురించి. ఇది 8 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 20కి చేరితే పెరుగుదల నిలిచిపోతుంది. మన జనవరి మధ్యాహ్నం కూడా దానికి వడదెబ్బే. బార్బరా మెథే బృందం దీని జన్యుక్రమం మొత్తం చదివింది. చలికి నెయ్యి పేరుకున్నట్టు కణం పొర బిగుసుకుపోకుండా కాపాడే కొవ్వు ఆమ్లాల జన్యువులు కనిపించాయి. ప్రొటీన్లలో అమైనో ఆమ్లాల పాళ్లు కూడా చలికి తగ్గట్టు మొగ్గాయి. చలి కోసమే పుట్టిన ప్రత్యేక జన్యువుల గుంపు లేదని, అనేక చిన్న మార్పులు కలిసి పనిచేస్తాయని తేల్చారు. విలువైన మాటే. అయితే వీటిలో ఏది పోతే ప్రాణం పోతుందో జన్యువుల జాబితా చెప్పలేదు.

సీసీఎంబీ సరిగ్గా ఆ ప్రశ్నే వేసింది. అక్కడి ఎస్. శివాజీ, సహచరులు అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ నుంచి సూడోమోనాస్ జాతులను వేరుచేసి 1989లోనే ప్రకటించారు. అంటార్కిటికా మట్టిదే అయిన సూడోమోనాస్ సిరింగే ఎల్‌జెడ్4డబ్ల్యూని సీసీఎంబీకే చెందిన ఎం.కె. రే బృందం 2010 పత్రానికి తీసుకుంది. రెక్‌బీసీడీ అనే ఎంజైమ్ తాలూకు మూడు జన్యువులను విడివిడిగా చెడగొట్టి చూసింది. 22 డిగ్రీల దగ్గర బతికిన కణాలే 4 డిగ్రీలకు దించితే చనిపోయాయి, లోపల తెగిన డీఎన్ఏ పేరుకుంది. చలిలో డీఎన్ఏ నకలు తీసే పని మధ్యలో ఆగి పోగు తెగుతుందని, ఈ ఎంజైమ్ దాన్ని బాగుచేస్తేనే కణం బతుకుతుందని వాళ్ల వివరణ. మన పేగుల్లో ఉండే ఈ.కోలైలో ఈ మూడింటిలో ఒకటైన రెక్‌డీ లేకపోయినా మరమ్మతు సాగుతుంది. ఇక్కడ మాత్రం మూడూ ఉండాల్సిందే. చలి బాధంటే పొర బిగియడం, ఎంజైములు మందగించడమే అని చదువుకున్నవాళ్లకు, చలి డీఎన్ఏనే తెంపుతుందన్న సంగతి ఇందులో తెలుస్తుంది. అందుకే నా మొగ్గు ఈ పత్రం వైపు.

దీనికీ ఒక హద్దుంది. ఎల్‌జెడ్4డబ్ల్యూ మట్టి జీవి, 30 డిగ్రీల దాకా పెరుగుతుంది. చలిని ఓర్చుకునే జీవి వేరు, చలి లేనిదే బతకలేని సముద్రపు జీవి వేరు. ఒకదానిలో తేలింది రెండోదానికి అంటగట్టాలంటే ఉప్పునీటి జీవుల మీదా ఇదే పరీక్ష జరగాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల్లో మైక్రోబయాలజీ చదివే పిల్లలు ముందు సీసీఎంబీ పత్రం పట్టండి, కోల్వెలియా జాబితా తర్వాత చూడండి. ప్లాస్ వన్ పత్రికలో సీసీఎంబీ పత్రం ఉచితంగా దొరుకుతుంది.