వృత్తి సమాజం – నిపుణుల సంఘం: తెల్లాపూర్ పరిసర భూదృశ్య పరిరక్షణపై ఒక విమర్శ

'వృత్తి సమాజం' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. వాస్తుశిల్పులు, భూవిజ్ఞానులు, నగర ప్రణాళికా నిపుణుల వంటి ఆధునిక సమూహం ఒకటి. తరతరాలుగా ఒకే పనిని నమ్ముకున్న వడ్డెర, బెస్త, కుమ్మరి వంటి సమాజాలు రెండవది. హైదరాబాదు పశ్చిమ ప్రాంతంలో చారిత్రక, సాంస్కృతిక భూదృశ్యాల పరిరక్షణ దాదాపు పూర్తిగా మొదటి అర్థంలోనే సాగింది. ఆ కృషి సాధించినది తక్కువ కాదు. అయితే అది చూడలేకపోయినది ఏమిటో తెల్లాపూర్ వైపు నుండి పరిశీలిస్తే తెలుస్తుంది.

ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలోపల పగుళ్ల వెంట నీరు చేరి రాతిని అంచుల నుండి శిథిలం చేయగా, పైమట్టి కొట్టుకుపోయి గుండ్రని రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు బయటపడ్డాయి. వీటిని కాపాడటానికి 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. కళాకారులు, ఛాయాచిత్రకారులు, పర్యావరణ అభిమానులు కలిసి నడిపిన ఈ సంస్థ కృషి వల్ల హుడా వారసత్వ నిబంధన 13 కింద తొమ్మిది శిలాసముదాయాలకు రక్షణ లభించింది. కట్టడం కాని ప్రకృతి రూపాన్ని వారసత్వంగా గుర్తించడం ఆనాటికి సాహసమే.

ఆ తొమ్మిదింటి పేర్లను గమనించాలి: బేర్స్ నోస్, టోడ్‌స్టూల్, మష్రూమ్ రాక్, ఒబెలిస్క్, మాన్‌స్టర్ రాక్... ఇవి నిలబడి చూసేవారు పెట్టిన పేర్లు. రాతితో బతికినవారి మాటలు వేరు. నేలబారుగా పరచుకున్నది బండ, విడిగా నిలిచినది గుండు, ఎత్తుగా పేరుకున్నది గుట్ట. బండ మీద ధాన్యం ఆరబోస్తారు. గుట్ట పాదాన కుంట నిలుస్తుంది. చూసేవారి పేరు రాతిని శిల్పంగా మార్చి దాని చుట్టూ ఉన్న మట్టి నుండి, నీటి నుండి విడదీసింది. జాబితాకెక్కిన తొమ్మిదింటిలో తెల్లాపూర్ శిల ఒక్కటీ లేకపోవడం యాదృచ్ఛికం కాదు. వింత ఆకారం లేని బండకు ఆ కొలమానంలో చోటు దొరకదు.

పరిరక్షణ చర్చలో వడ్డెరలు రాళ్లు పగలగొట్టేవారిగానే కనిపిస్తారు. ఇది అర్ధసత్యం. రాయి పొర ఏ దిశలో ఉందో సమ్మెట దెబ్బకు వచ్చే శబ్దంతోనే పసిగట్టగల ఆ సమాజమే చెరువులూ బావులూ తవ్వింది, కట్టలు పోసింది. ఆధునిక యంత్రాలూ పేలుడు పదార్థాలూ చేసిన విధ్వంసాన్ని ఉలి, సమ్మెట పట్టినవారి ఖాతాలో వేయడం చారిత్రకంగా సరికాదు. నీరటిది కూడా ఇదే కథ. తూము ఎప్పుడు ఎత్తాలో, అలుగు ఎప్పుడు పారుతుందో, శిఖం భూమి ఎంతవరకో అతనికి తెలుసు. నేడు అదే హద్దును పూర్తి నీటిమట్టం పేరుతో పటాల మీద వెదుకుతున్నారు. 2018లో పురపాలికగా మారిన తెల్లాపూర్‌లో ఆయకట్టు పొలాలు నివాస సముదాయాలైనకొద్దీ నీరటి పని లేకుండా పోయింది. పనితోపాటు మాటలూ పోయాయి.

చట్టం మీద మాత్రమే ఆధారపడిన రక్షణ ఎంత బలహీనమో 2015లో నిబంధన 13ను తొలగించినప్పుడు బయటపడింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అదే ఏడాది ఢిల్లీలో జరిగిన ఇకోమాస్ మహాసభ, గ్రామీణ భూదృశ్యాలను, అసాధారణమైనవే కాక సాధారణమైనవాటిని సైతం, వారసత్వంగా చదవవచ్చునని తీర్మానించింది. తెల్లాపూర్ వంటి ఊళ్లకు పనికివచ్చే దృష్టి అది. కాని 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వివాదం తలెత్తినప్పుడు సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకొని పనులు ఆపించవలసి వచ్చింది. ఆనాటి చర్చ అంతా 'ఇది అడవియా, కాదా' అన్నదాని చుట్టే తిరిగింది. ఊరిపేరులోనే ఉన్న 'కంచ' పశువుల మేతకు విడిచిన భూమి అని చెబుతున్నా, ఆ మాటకు సాక్ష్యపు విలువ దక్కలేదు.

రెండు వృత్తి అర్థాలూ కలిసిన ఉదాహరణ దగ్గరలోనే ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో వాస్తుశిల్పుల పక్కన రాతిపనివారూ సున్నం పనివారూ తమ నైపుణ్యంతోనే నిలిచారు. ఆ ఏడు వర్షాలకు కూలిన బడీ బావోలీ గోడ తిరిగి లేచింది. గోల్కొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. అయితే అది ప్రాకారమున్న రాజుల స్థలం. తెల్లాపూర్ పరిసరాల చెరువులకు ప్రాకారం లేదు, శిఖం గట్టే హద్దు. ఆ గట్టు ఎక్కడ ఉండేదో చెప్పగల నీరటి కుటుంబాల వాంగ్మూలాన్ని సర్వే పటంతో సమానమైన ఆధారంగా స్వీకరించే నమోదు పద్ధతిని నిపుణుల సంఘాలు ఇంకా రూపొందించవలసి ఉంది.