కిలోకెంత, కాపీకెంత

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. జీపీఓ వైపు నుంచి మొదలుపెట్టి, వంగుతూ లేస్తూ నడుం పట్టేసేదాకా తిరగడం నా పాత అలవాటు. అమ్మేవాళ్లు ఆ పుస్తకాల్లో చాలావాటిని తూకానికి కొని తెస్తారు. మనకు మాత్రం కాపీ లెక్కన చెబుతారు. కాగితం ఒకటే, లెక్కలు రెండు. దేశాల దిగుమతి పట్టికలు చదవడం నాకు ఇక్కడే అబ్బిందంటే నవ్వకండి.

మొన్న భారత్, శ్రీలంకల కాగితం, అట్టల దిగుమతి విలువలు పక్కపక్కన పెట్టుకు కూర్చున్నాను. గీత పైకి పోతే ఎక్కువ కాగితం వచ్చిందని కన్ను అనేస్తుంది. ఆ గీత డాలర్లది, టన్నులది కాదు. 2021లో కంటెయినర్ల కిరాయిలు మండిపోయాయి. దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కూడా కలిపే రాస్తారు కాబట్టి, ఒక్క రీము ఎక్కువ దిగకపోయినా అంకె లావెక్కుతుంది. అందుకని ముందు విలువను టన్నులతో భాగించి, టన్ను ధర ఎటు నడిచిందో చూసుకుంటాను. అదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. ఒక ఏడాది న్యూస్‌ప్రింట్ తగ్గి ఆర్ట్ పేపర్ పెరిగితే, ఏ ధరా మారకుండానే సగటు మారిపోతుంది. సంవత్సరం దగ్గరా జాగ్రత్త కావాలి. మన వాణిజ్య శాఖ ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కిస్తుంది. లంక లెక్క జనవరితో మొదలవుతుంది.

ఇక చాప్టర్ల తమాషా. కస్టమ్స్ పుస్తకంలో కాగితం, అట్టలు 48వ చాప్టర్. బడిపిల్లల ఖాళీ నోటుబుక్కూ అందులోనే. అదే కాగితం మీద పాఠం అచ్చయితే 49. చిత్తు కాగితమై కట్టలు కడితే 47. పుస్తకాలను బయట అచ్చు వేయించి తెప్పించుకునే దేశం 48లో పొదుపరిలా కనిపిస్తుంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిలబడితే 49వ చాప్టర్ 47లోకి జారబోతూ ఆగి ఉన్నట్టుంటుంది.

లంక 2022 అంకె ముందు మాత్రం భాగహారం పక్కన పెట్టాలి. ఆ మార్చిలో అక్కడి పశ్చిమ రాష్ట్రంలో కాగితం లేక బడి పరీక్షలు వాయిదా వేశారు. పిల్లలకు కాగితం అక్కర్లేక కాదు, కొనడానికి దేశం దగ్గర డాలర్లు లేక.

మన అంకెకూ ఒక వెనక కథ ఉంది. అది వినాలంటే నాంపల్లి పోవాలి. ఇప్పుడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, నిజాం రాజ్యంలో తయారైన సరుకును జనానికి చూపడానికి. సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టిందీ ఆ ఏడాదే. 1942 నుంచి కాగితం తీసింది. ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. 2014లో మిల్లు ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లింది. ఇంట్లో మిల్లులున్న దేశానికి దిగుమతి అంటే చాలని మేరకు తెచ్చుకునేది. అవి పెద్దగా లేని దేశానికి దాదాపు వాడకమంతా అదే. రెండు గీతలనూ ఒకే గ్రాఫులో గీయొచ్చు. కానీ వాటిని ఒకే ప్రశ్న అడగలేం.

పోయిన ఆదివారం అట్ట ఊడిన నిఘంటువు ఒకటి దొరికింది. నూట యాభై అన్నాడు. నాకు పట్టికల మత్తు ఇంకా దిగలేదు.

"కిలో లెక్కన ఇవ్వవా?" అన్నాను.

"ఇస్తా సార్. అట్లయితే తెరిచి చూడొద్దు."

నూట ఇరవైకి తెచ్చుకున్నాను.