పదకొండు అంకెల కవిలె

గుంతకల్లు రైల్వే కాలనీలో మా ఇంటి వరసలోనే ఒక ట్రైన్స్ క్లర్కు ఉండేవారు. గూడ్సు బండి యార్డులోకి రాగానే ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా నడుస్తూ ఒక్కో వ్యాగన్ నెంబరూ పుస్తకంలోకి ఎక్కించుకోవడం ఆయన ఉద్యోగం. మే నెల ఎండలో, కాలే కంకర మీద, అర కిలోమీటరుకు పైగా నడక. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తుంటే నేను పక్కన చేరేవాణ్ని. "నెంబరు తప్పు రాస్తిమంటే ఆ వ్యాగన్ పోయినట్లే రా నాయనా" అనేవారు. ఇనుముతో చేసిన అంత పెద్ద పెట్టె ఒక్క అంకెతో ఎలా పోతుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు నా దగ్గర నూట ముప్పై చిల్లర మోడల్ పెట్టెలు, ఇంజిన్లు ఉన్నాయి. వాటి లెక్క ఎలా రాయాలో నేను నేర్చుకున్నది ఆ వ్యాగన్ల పక్క గోడల మీదే. రైల్వేవాళ్లు తమ ఆస్తి లెక్కను ఆస్తి ఒంటి మీదే రాసిపెట్టారు. చదవడం తెలిస్తే చాలు. ఆ రాతలోని పనితనాన్ని పరిచయం చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మన అనంతపురం జిల్లాలో ఎక్కువగా కనబడే వ్యాగన్ బీఓఎక్స్ఎన్. రైల్వేవాళ్ల నోట 'బాక్సెన్'. పైకప్పు లేకుండా, ఎత్తైన గోడలతో, బొగ్గుకూ ఇనుప ఖనిజానికీ పనికొచ్చే పెట్టె. ఆ పేరులోనే దాని జాతకం ఉంది. బి అంటే బోగీల మీద నడిచేది, ఓ అంటే పైన తెరిచి ఉన్నది, ఎక్స్ అంటే గోడలు ఎత్తైనది, ఎన్ అంటే గాలి బ్రేకులున్నది. తాడిపత్రి సిమెంటు మోసే బీసీఎన్‌లో సి అంటే కప్పున్నది. పేరు పక్కన బరువులుంటాయి. తొలి బాక్సెన్ ఖాళీ బరువు 22.47 టన్నులు, మోయదగ్గది 58.81 టన్నులు. రెండూ కలిపితే 81.28. నాలుగు ఇరుసులకు పంచితే ఒక్కోదాని మీద 20.32 టన్నులు. పట్టా ఓర్చుకోగల బరువుకు సరిగ్గా సరిపోయేలా పెట్టెను కట్టారని ఆ మూడు అంకెలే చెబుతాయి. తర్వాతి కాలంలో మోయదగ్గ బరువును పెంచారు, అది వేరే సంగతి. ఇంకొంచెం కింద, చిన్న అక్షరాల్లో, ఆఖరుసారి పూర్తి మరమ్మతు ఎప్పుడు జరిగింది, ఏ వర్క్‌షాపులో జరిగింది, మళ్లీ ఎప్పుడు రావాలి అన్నవి ఉంటాయి. విజయవాడ దగ్గరి రాయనపాడు వర్క్‌షాపు గుర్తు ఉన్న వ్యాగన్లను నేను చాలానే చూశాను.

అసలు అందం మాత్రం నెంబరులో ఉంది. పదకొండు అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం. 10 నుంచి 29 లోపైతే పైకప్పు లేనిది, 30లలో ఉంటే కప్పున్నది, 40 నుంచి 54 దాకా ట్యాంకర్లు, 85 నుంచి 89 దాకా గార్డు పెట్టెలు. తర్వాతి రెండు అంకెలు సొంతదారు రైల్వే. 06 దక్షిణ రైల్వే, 09 దక్షిణ మధ్య రైల్వే, 15 నైరుతి రైల్వే. ఆ తర్వాత రెండు అంకెలు తయారైన సంవత్సరం. వాటి వెనక నాలుగు అంకెలు ఆ వ్యాగన్ సొంత వరస సంఖ్య. ఇక మిగిలింది పదకొండో అంకె. నాచేత ఈ వ్యాసం రాయించింది అదే.

ఆ అంకె వ్యాగన్ గురించి ఏమీ చెప్పదు. ముందున్న పది అంకెల్నీ కాపలా కాస్తుంది. ఒక నెంబరు తీసుకుందాం: 12 09 14 2137. సరి స్థానాల్లో ఉన్నవి 2, 9, 4, 1, 7. కూడితే 23, మూడుతో హెచ్చిస్తే 69. బేసి స్థానాల్లో 1, 0, 1, 2, 3. మొత్తం 7. అరవై తొమ్మిదీ ఏడూ డెబ్బై ఆరు. పైన ఉన్న పదుల సంఖ్య ఎనభైకి ఇంకా నాలుగు కావాలి. ఆ నాలుగే పదకొండో అంకె. మొత్తం నెంబరు 12091421374. ఇప్పుడు క్లర్కు ఎండకు కళ్లు చికిలించి 3ను 8గా రాసుకున్నాడనుకోండి. లెక్క 85 దగ్గర ఆగుతుంది. పదుల సంఖ్య రాలేదంటే ఎక్కడో తప్పుందని తేలిపోయింది. 14ను తిరగేసి 41 అని రాసినా 74 వస్తుంది, తప్పు మళ్లీ పట్టుబడుతుంది. ఏ ఒక్క అంకె మారినా ఈ కాపలాదారు ఊరుకోడు. పక్కపక్క అంకెలు తారుమారైతే, వాటి మధ్య తేడా సరిగ్గా 5 ఉన్నప్పుడు మాత్రమే తప్పించుకోగలవు. కిరాణా కొట్లో సబ్బు పెట్టె మీది పదమూడు అంకెల బార్‌కోడ్‌నూ ఇదే కూడిక కాపాడుతుంది. మా వీధి క్లర్కు కాలంలో వ్యాగన్ నెంబర్లు ఇంత పొడుగు లేవు. తప్పు రాస్తే పట్టుకునేవాళ్లు లేరు. ఆయన భయం ఊరకే పుట్టింది కాదు.

మన సీమలో ఆ భయానికి మరో లోతు ఉంది. మద్రాసు నుంచి రాయచూరు మీదుగా బొంబాయి దాకా పట్టాలు 1871లో కలిశాయి. ఐదేళ్లకే ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికింకా బళ్లారి జిల్లాలో భాగం, విడి జిల్లా అయింది 1882లో. మద్రాసు రేవులో దిగిన ధాన్యం ఆ పట్టాల మీదే బళ్లారి జిల్లాకు చేరింది. గింజలు నిండిన ఒక పెట్టె ఏ స్టేషన్లో నిలిచిపోయిందో తెలియకపోతే ఆ ఖర్చు ఎవరి కడుపు మీద పడుతుందో చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 9న దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచే ఢిల్లీకి బయలుదేరింది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వానపడే నేల నుంచి పండ్లు అంత దూరం ప్రయాణం చేశాయి. ఏ పెట్టె ఎక్కడుందో తెలియడం ఇక్కడ ఆకలికీ అమ్మకానికీ సంబంధించిన విషయం.

మళ్లీ నెంబర్ల దగ్గరికి వస్తే, ప్రయాణికుల పెట్టెలవి ఇంకా క్లుప్తం. చాలాకాలం ఐదంకెలతోనే నడిచాయి. మొదటి రెండు తయారైన సంవత్సరం, చివరి మూడు పెట్టె రకం. 201 నుంచి 400 లోపు స్లీపర్, 401 నుంచి 600 లోపు జనరల్, 701 నుంచి 800 లోపు లగేజీ, గార్డు అర ఉన్న పెట్టెలు. 09215 అని కనబడితే 2009లో తయారైన స్లీపర్ పెట్టె అన్నమాట. ఇంజిన్ పేర్లలో ఒక మెలిక ఉంది. ఒకప్పుడు గుత్తి షెడ్డు ఇంజిన్ల మీద కనబడిన డబ్ల్యూడీఎం-2లో డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, డి అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికులకూ సరుకుకూ రెండింటికీ పనికొచ్చేది, 2 అంటే ఆ వరసలో రెండో రకం. డబ్ల్యూడీజీ-3ఏ దగ్గరకొచ్చేసరికి 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, ఏ అంటే దాని మీద ఇంకో వంద. పేరు పెట్టే పద్ధతి మధ్యలో మారింది. లెక్క రాసేవాడు ఏ కాలం పద్ధతిలో రాస్తున్నాడో కూడా పక్కన రాసుకోవాలని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఇక నా బల్ల మీదికి వస్తాను. పదేళ్ల పాటు నా మోడళ్ల లెక్కంతా ఒకే నోటుబుక్కులో, కొన్న వరసలో ఉండేది. ఇండియన్ రైల్వే మోడళ్లు విదేశీవాటిలా తేలిగ్గా దొరకవు. చాలామంది ప్లాస్టిక్ షీటు కోసి చేతితో కట్టుకుంటారు, ఈమధ్య త్రీడీ ప్రింటింగ్ తోడైంది. అందుకే ఎవరైనా ఒక బాక్సెన్ చేసి అమ్ముతున్నారంటే ఆలోచించకుండా కొనేసేవాణ్ని. ఒకరోజు అన్నీ దింపి తుడుస్తుంటే ఒకే నెంబరున్న వ్యాగన్లు రెండు కనబడ్డాయి. రెండేళ్ల తేడాతో ఒకటే రెండుసార్లు కొన్నాను. తప్పు పూర్తిగా నాదే. పట్టాల మీద ఒకే నెంబరుతో రెండు వ్యాగన్లు ఉండవు, నా బల్ల మీద ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పాత తెలుగు కొట్ల పద్ధతికి వెళ్లాను. మన వ్యాపారులు చిట్టా వేరుగా, ఆవర్జా వేరుగా రాసేవారు. చిట్టాలో ఏ రోజు ఏం జరిగితే అది. ఆవర్జాలో ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ. నాకు రెండూ కావాల్సివచ్చాయి. చిట్టాలో కొన్న తేదీ, ధర, ఎక్కడి నుంచి, రంగు వేసిన రోజు, చక్రం మార్చిన రోజు. ఆవర్జాలో ఒక్కో పెట్టెకూ ఒక పేజీ. అందులో దాని రైల్వే నెంబరు, అసలు పెట్టె ఏ కాలానిది, ఏ షెడ్డుది, తయారీదారు కేటలాగు నెంబరు, కప్లింగ్ రకం, ఏ అల్మరాలో ఏ అరలో ఏ డబ్బాలో ఉంది, రెండు వైపుల ఫొటోలు. వీటితోపాటు ఒక్కోదానికి నా సొంత వరస సంఖ్య. ఒకసారి ఇచ్చిన సంఖ్యను ఎప్పటికీ ఇంకోదానికి ఇవ్వను. పెట్టె విరిగిపోయినా, ఎవరికైనా ఇచ్చేసినా, ఆ పేజీ ఖాళీ కాదు, ముగిసిన ఖాతాగా ఉంటుంది. గ్రంథాలయాల అక్సెషన్ రిజిస్టర్లు నడిచేదీ ఈ నియమం మీదే. ఊరి కరణాలు తాటాకు కవిలె కట్టల్లో పాత లెక్కలు దాచింది కూడా ఇందుకే అనిపిస్తుంది నాకు.

రెండో బాక్సెన్‌కు కొత్త నెంబరు ఇవ్వాలి. ఆ రెండింటి మీదా ఉన్నది పైన లెక్క వేసిన నెంబరే, అందుకే 2137 పక్కన 2138 పెడదామనుకున్నాను. ఒక్క అంకె మారిస్తే చాలదు, కాపలా అంకె కూడా మారాలి. సరి స్థానాల మొత్తం 24, మూడు రెట్లు 72, బేసివి 7 కలిపితే 79. కాబట్టి పదకొండో అంకె 1. రెండు అంకెలూ మార్చాలి, ఒక్కోటీ రెండు మిల్లీమీటర్ల లోపు ఎత్తు. నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్ మన ఎండకు జరిపేలోపే బిగుసుకుపోతుంది. తెల్లవారక ముందే కూర్చుని చేయాలి. నాలుగోసారికి నిలబడింది. చూసేవాళ్లెవరూ ఆ అంకెను లెక్కపెట్టి చూడరు. నేను చూస్తాను.

ఆవర్జాలో నేను చివరగా చేర్చిన గడి పట్టాల వెడల్పు. హెచ్ఓ కొలతలో మోడల్ అసలుదానికి 87వ వంతు. మార్కెట్లో దొరికే హెచ్ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయేది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే దొరికే పట్టాల మీద నిలబెట్టిన గుత్తి ఇంజిన్ కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. దీనికి సర్దుకున్నవాళ్లున్నారు, చక్రాలు మార్చి సొంతంగా వెడల్పు పట్టాలు పరిచినవాళ్లూ ఉన్నారు. పైగా అనంతపురం వాణ్నైతే మీటర్ గేజ్‌ను మర్చిపోలేను. గుంతకల్లు–బెంగళూరు దారి ఒకప్పుడు మీటర్ గేజే. ధర్మవరం–పాకాల దారి 2000 దాటాక కూడా కొన్నేళ్లు అలాగే నడిచింది. దానికి 12 మిల్లీమీటర్ల పట్టా దగ్గరగా సరిపోతుంది. ఏ పెట్టె ఏ పట్టా మీద నిలుస్తుందో పేజీలో లేకపోతే డబ్బా తెరిచిన ప్రతిసారీ కొలవాలి.

ఇంజిన్లకు ఇంకో గడి ఉంది. డీసీసీ పద్ధతిలో ప్రతి ఇంజిన్‌కూ ఒక అడ్రసు ఉంటుంది, మీట నొక్కితే ఆ అడ్రసున్నదే కదులుతుంది. మామూలుగా నాలుగంకెల దాకా పెడతారు. మన డీజిల్ ఇంజిన్ల నెంబర్లు ఐదంకెలు, అందుకని చివరి నాలుగు వాడతాం. రెండు ఇంజిన్ల చివరి నాలుగూ ఒకటైతే ఒక్క మీటకు రెండూ కదిలి ఎదురెదురుగా రావచ్చు. కొత్త ఇంజిన్‌కు అడ్రసు ఇచ్చే ముందు ఆవర్జా తిరగేయడం నాకు ఇప్పుడు అలవాటు.

పూర్తి బాక్సెన్ రేక్ అంటే 58 వ్యాగన్లు. అసలు వ్యాగన్ పొడవు 10.713 మీటర్లు, మోడల్‌లో 12.3 సెంటీమీటర్లు. 58 పెట్టెలు కలిపితే ఏడు మీటర్లు దాటుతుంది. నా దగ్గర ఉన్నవి పంతొమ్మిది. అన్నిటి నెంబర్లూ వేరు, ఏ నెంబరును లెక్కకట్టినా పదుల సంఖ్యే వస్తుంది.

ఈసారి గుంతకల్లులోనో గుత్తిలోనో మీ బండి పక్కన గూడ్సు ఆగితే కిటికీలోంచే ఒక వ్యాగన్ మీది పదకొండు అంకెలు రాసుకోండి. సరి స్థానాల్లోవి కూడి మూడుతో హెచ్చించండి, బేసి స్థానాల్లోవి, పదకొండోది కూడా, దానికి కలపండి. చివర సున్నా రావాలి. రాకపోతే మళ్లీ ఒకసారి చూసి రాసుకోండి.