తాకితే పగిలే గుండు

వార్మింట్ (చేటు చేసే చిన్న ప్రాణుల) వేటగాడికి ఎదురుగా ఉండేది పులీ కాదు, దుప్పీ కాదు. కలుగు అంచున వెనక కాళ్ల మీద నిలబడి దిక్కులు చూసే ప్రయరీ డాగ్. పేరులో కుక్క ఉన్నా అది ఉడుత కుటుంబానిది. కిలో, మహా అయితే కిలోన్నర బరువు. నిలబడినప్పుడు ఒళ్లు నాలుగంగుళాల వెడల్పు కూడా ఉండదు. సౌత్ డకోటా, వయోమింగ్, మోంటానా గడ్డి మైదానాల్లో పశువుల మేత తినేస్తోందని, నేలంతా కలుగులు చేస్తోందని రాంచర్లకు దాని మీద కోపం. వేటగాడు రెండు, మూడు వందల గజాల అవతల బరువైన బ్యారెల్ రైఫిల్‌ను బెంచీ మీద ఆనించి కూర్చుంటాడు. ఆ మైదానాల్లో గాలి ఊరికే ఉండదు. కలుగులు దండిగా ఉన్న చోట ఒక్క రోజులో వందల తూటాలు ఖర్చవుతాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ముచ్చట దాదాపు లేకుండా పోయింది కాబట్టి ఈ లోకం మనకు దూరం. అయినా ఆ తూటాను ఒకసారి చేతిలోకి తీసుకుని నిదానంగా చూడాలి. అందులో ఉన్న పనితనం వేటతో సంబంధం లేకుండానే మెచ్చుకోదగ్గది.

చాలాకాలం వార్మింట్ వేటగాళ్లలో ఒక నమ్మకం ఉండేది. గురి తప్పని తూటా కావాలంటే ఎవరికి వారు ఇంట్లో కూర్చుని నింపుకోవాల్సిందేనని, ఫ్యాక్టరీ తూటా జింకకు చాలుతుంది గానీ ఉడుతకు చాలదని. అది నిన్నటి మాట. అంగట్లో కొన్న పెట్టె, మంచి బ్యారెల్ దొరికితే, వంద గజాల దగ్గర అంగుళంలోపు గ్రూపు (చిల్లుల గుంపు) వేయడం ఇప్పుడు వింత కాదు. వంద గజాలకు అంగుళం అంటే మూడు వందల గజాలకు మూడంగుళాలు. ప్రయరీ డాగ్ వెడల్పుకు అది సరిగ్గా సరిపోతుంది, గాలికి మాత్రం ఏమీ మిగలదు. అందుకే ఈ వేటగాళ్లు ముప్పావు అంగుళం, అరంగుళం అంటూ పీనాసి లెక్కలు వేస్తారు.

క్యాలిబర్ల చరిత్రను త్వరగా దాటేద్దాం. 1935లో వించెస్టర్ తెచ్చిన .220 స్విఫ్ట్ సెకనుకు నాలుగు వేల అడుగుల వేగాన్ని దాటి అందరినీ అదరగొట్టింది, బ్యారెళ్లను తొందరగా తినేస్తుందన్న పేరూ తెచ్చుకుంది. 1950లో రెమింగ్టన్ ఇంజనీరు మైక్ వాకర్ రూపుదిద్దిన .222 రైఫిల్‌ను బెంచీ మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలను ఏళ్ల తరబడి ఏలింది. ఔత్సాహికులు సొంతంగా తయారుచేసుకుంటూ వచ్చిన .22-250ని 1965లో రెమింగ్టన్ ఫ్యాక్టరీలోకి తీసుకుంది. .204 రూగర్ 2004లో వచ్చింది. వీటన్నిటిలో రోజంతా కాల్చడానికి నేను ఓటేసేది 1964లో అంగట్లోకి వచ్చిన .223 రెమింగ్టన్‌కే. భుజం మీద తన్ను తక్కువ, బ్యారెల్ వేడి తక్కువ, దొరికే రకాలు లెక్కలేనన్ని. దగ్గరగా చూడటానికి అందులో ఒకటి ఎంచుకుంటాను: హార్నడీ వాళ్ల 55 గ్రెయిన్ల వీ-మ్యాక్స్.

జాయిస్ హార్నడీ అనే ఆయన 1949లో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. తూటాలోంచి ఎగిరే గుండు బరువు అది; 55 గ్రెయిన్లంటే మూడున్నర గ్రాముల పైచిలుకు. మన కంసాలి త్రాసులో వేస్తే ముప్ఫై గురిగింజలకు కాస్త తక్కువే తూగుతుంది. పైన పల్చటి రాగి మిశ్రమం తొడుగు, లోపల సీసం, ముక్కున ఎర్రటి ప్లాస్టిక్ మొన, ఆ మొన కింద చిన్న ఖాళీ గది. చూపుకు ఆటవస్తువులా ఉంటుంది. దాన్ని చేసినవాళ్లు ఒకదానికొకటి పొసగని రెండు పనులు దాని నెత్తిన పెట్టారు.

మొదటి పని, చెదరకుండా ఉండటం. పెట్టె మీద రాసిన వేగం సెకనుకు 3,240 అడుగులు. బ్యారెల్ లోపలి గాడులు పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, బయటికొచ్చే గుండు నిమిషానికి 1,94,400 చుట్లు తిరుగుతుంది. తొమ్మిదంగుళాల మెలి ఉన్న బ్యారెల్‌లో అయితే 2,59,200. ఆ తిరుగుడుకు తొడుగు చీలిపోవాలని చూస్తుంది. మరీ పల్చటి తొడుగున్న గుండ్లను మరీ వేగంగా తిప్పితే దారిలోనే విచ్చిపోతాయి. గాలిలో బూడిదరంగు చార కనిపిస్తుంది, టార్గెట్ కాగితం మీద చిల్లు ఉండదు. రెండో పని, తాకిన మరుక్షణం చెదిరిపోవడం. మొన వెనక్కి దిగి తొడుగును లోపలి నుంచి తెరుస్తుంది, తిరుగుడు మిగతా పని పూర్తి చేస్తుంది. ప్రాణి అక్కడికక్కడే పోవాలి, గుండు గట్టి నేలను తాకినా ఎగిరి పక్క పొలంలోని ఆవు మీదికి పోకూడదు. తొడుగు మందం కాస్త పెరిగితే రెండో పని చెడుతుంది, కాస్త తగ్గితే మొదటిది. ఆ సన్నటి గీత మీద లక్షల గుండ్లను నిలబెట్టడమే ఇక్కడి విద్య.

మందం ఎంతో తేల్చుకోవడం ఒక ఎత్తు, అది చుట్టూతా ఒకేలా ఉండటం ఇంకో ఎత్తు. తొడుగు ఒక పక్క కొంచెం లావుగా ఉంటే గుండు బరువు కేంద్రం దాని నడిమి గీత నుంచి పక్కకు జరుగుతుంది. బ్యారెల్‌లో ఉన్నంతసేపూ గోడలు దాన్ని నడిమి గీత చుట్టూనే తిప్పుతాయి. మూతి దాటగానే పట్టుకునే గోడలు ఉండవు, గుండు తన బరువు కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఆ క్షణాన ఒక పక్కకు విసురు తగులుతుంది. లెక్క వేసి చూడండి: కేంద్రం అంగుళంలో పదివేలవ వంతు జరిగితే చాలు, పన్నెండు మెలి బ్యారెల్‌లో ఆ విసురు సెకనుకు రెండంగుళాలు. మూడు వందల గజాలు పోవడానికి గుండుకు సెకనులో మూడో వంతు పడుతుంది. అంటే అంగుళంలో మూడింట రెండు వంతులు పక్కకు. కంటికి కనిపించని తేడా ఉడుత వెడల్పులో ఆరో వంతును మింగేసింది. బెంచ్‌రెస్ట్ పోటీల వాళ్లు పొట్టి గుండ్లు వాడుతూ పద్నాలుగు అంగుళాల నిదానపు మెలి కోరుకోవడానికి కారణం ఇదే. తిరుగుడు తగ్గితే విసురూ తగ్గుతుంది.

వీ-మ్యాక్స్ 55 వెనక భాగం బల్లపరుపుగా ఉండటం కూడా నాకు నచ్చుతుంది. దూరపు పోటీ గుండ్లకు పడవ తోకలా సన్నబడే వెనక భాగం ఉంటుంది, గాలిని బాగా కోస్తుంది. కానీ బల్లపరుపు అడుగును వంకర లేకుండా చేయడం తేలిక. అడుగు ఎంత ముఖ్యమో మసాచుసెట్స్‌కు చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు 1909లో వేసిన పుస్తకంలో చూపించాడు. ఆయన కావాలనే గుండ్లను పాడుచేసి కాల్చేవాడు. ముక్కు చెక్కేసిన గుండు పెద్దగా దారి తప్పలేదు, అడుగు చెక్కేసింది మాత్రం ఎటో పోయింది. మూతి దాటేటప్పుడు వెనక నుంచి తోసే వాయువు ఆఖరుగా తాకేది అడుగునే. అక్కడ వంకర ఉంటే తోపూ వంకరే.

ఇక ఇత్తడి కేసు. డెబ్బై పాళ్లు రాగి, ముప్ఫై పాళ్లు జింకు. చిన్న బిళ్లను గిన్నెలా వంచి, విడతలు విడతలుగా సాగదీసి గొట్టం చేస్తారు. సాగదీసిన కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్య కాచి మెత్తబరుస్తారు. చివరికి, మందును అంటించే ప్రైమర్ కూర్చునే అడుగు గట్టిగా, గుండును పట్టుకునే మెడ మెత్తగా ఉండాలి. ఒకే ముక్క, రెండు స్వభావాలు. మెడ మెత్తబరచకపోతే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది మన దేశం నుంచే. బ్రిటిష్ సైన్యం ఇక్కడి వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. కేసులు వాటంతటవే పగిలేవి. ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, గాలిలో తేమ, గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, మూడూ కలిసి చేసిన పని అది. 1921లో గానీ కారణం పూర్తిగా తేటపడలేదు. కాచిన మెడ మీద నీలి గోధుమరంగు మరక మిగులుతుంది. సైన్యం తూటాల మీద దాన్ని అలాగే ఉంచేస్తారు, అంగడి తూటాలకు చాలామంది మెరుగు పెట్టి తుడిచేస్తారు. తుడవకపోతేనే నాకు అందంగా ఉంటుంది.

గుండు చేయని వాళ్లలోనూ పనిమంతులున్నారు. సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో 1981లో మొదలైన బ్లాక్ హిల్స్ కంపెనీ హార్నడీ, సియెరా లాంటి వాళ్ల గుండ్లు కొని తూటాలు కూరుస్తుంది. నీలి పెట్టెలో ఒకసారి పేలిన ఇత్తడిని తిరిగి నింపినవి, ఎర్ర పెట్టెలో కొత్త ఇత్తడివి. అమెరికా సైన్యం గురికాళ్ల కోసం తీసుకున్న 77 గ్రెయిన్ల తూటా కూడా వీళ్లదే. ఇక్కడ పనితనమంతా కూర్పులో ఉంది: మందు ఎంత సమంగా పడింది, గుండు ఎంత నిటారుగా కూర్చుంది, మెడ ఎంత ఒకేలా పట్టుకుంది. .223లో పట్టే మందు 25 గ్రెయిన్ల అటూ ఇటూ. ఒక తూటా వేగం ఇంకోదానికంటే 50 అడుగులు తగ్గితే మూడు వందల గజాల దగ్గర గుండు అరంగుళం పైనే కిందికి దిగుతుంది. ఫ్యాక్టరీ యంత్రం మందును తూచదు, కొలుస్తుంది. అందుకే ఇసుకలా జారే గుండ్రటి మందులు యంత్రానికి ఇష్టం, పుల్లల్లాంటి మందులతో దానికి తంటా. ఎండలో లారీ డాష్‌బోర్డు మీద పెట్టె వదిలేసి, మధ్యాహ్నం గ్రూపు పైకి పోయిందని కంపెనీని తిట్టేవాళ్లకు మాత్రం మందు ఏదైనా ఒకటే.

ఇంత పనితనమూ పెట్టెలో ఉన్నా, చివరి తీర్పు బ్యారెల్‌ది. కొనేముందు చూడాల్సింది బ్యారెల్ మీద చెక్కిన మెలి. ఎంత మెలి కావాలో చెప్పేది గుండు బరువు కంటే దాని పొడవు. గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు 1879లోనే దీనికి సూత్రం కట్టాడు. పన్నెండు మెలికి 40 నుంచి 55 గ్రెయిన్ల పొట్టి గుండ్లు హాయిగా సరిపోతాయి. అదే బ్యారెల్‌లో 77 గ్రెయిన్ల పొడుగు గుండు పెడితే గాలిలో తూలి, కాగితం మీద అడ్డంగా పడుతుంది. సైన్యం 5.56 తూటాను .223 అని ముద్ర ఉన్న ఛాంబర్‌లో పెట్టకూడదని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. కొలతలు ఒకటే అనిపించినా పీడనం వేరు. ఇంకో చిక్కు ఉంది. ఫ్యాక్టరీ తూటా అందరి మ్యాగజీన్లలోనూ పట్టాలి కాబట్టి .223 మొత్తం పొడవు 2.260 అంగుళాలకు మించదు. ఇంట్లో నింపుకునేవాడు గుండును తన బ్యారెల్ గాడుల దగ్గరికి జరుపుకుంటాడు, ఫ్యాక్టరీకి ఆ వీలు లేదు. గాడుల దాకా గుండు గెంతాల్సిన ఆ చిన్న ఖాళీని ఒక బ్యారెల్ పట్టించుకోదు, పక్కనే ఉన్న దాని జోడు బ్యారెల్ ఒప్పుకోదు. రెండూ ఒకే రోజు ఒకే యంత్రం మీద తయారై ఉండవచ్చు.

కాబట్టి మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె కొని కాల్చి చూడటమే దారి. మూడేసి తూటాల గ్రూపులు చూసి మురిసిపోవద్దు. ఒక రైఫిల్, ఒక తూటా కలిసి మూడేసి కాల్చినప్పుడు సగటున అంగుళం గ్రూపు ఇస్తే, పదేసి కాల్చినప్పుడు ఆ సగటు ఒకటిన్నర అంగుళం దాటుతుంది. రైఫిల్ చెడిపోలేదు, గణితం అంతే. జేబులో చిన్న గ్రూపు కాగితం పెట్టుకు తిరిగేవాడు మిగతా కాగితాలు ఎక్కడ పెట్టాడో అడగాలి. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వాలి, శుభ్రం చేసిన వెంటనే కాల్చిన మొదటి తూటాలను లెక్కలోంచి తీసేయాలి. నచ్చింది దొరికాక పెట్టె మీది లాట్ నంబరు చూసి, అదే లాట్‌లో కావలసినన్ని కొనుక్కోవాలి. పేరు ఒకటే అయినా లాట్ మారితే మందు మారవచ్చు. హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిల్ పోటీలకు దిగే పిల్లలకు ఇది కొత్త కాదు, వాళ్లూ పెల్లెట్ డబ్బాలను బ్యాచ్ వారీగా పరీక్షించి ఎంచుకుంటారు. .22 రిమ్‌ఫైర్ ఆటగాళ్లు తమ రైఫిల్‌ను బర్మింగ్‌హామ్‌లోని ఈలీ తూటాల కంపెనీ పరీక్షా కేంద్రానికే మోసుకెళ్లి లాట్ కుదుర్చుకుంటారు.

పెట్టె మీద ‘మ్యాచ్’ అని ఉంటే మంచిదేనా? కాగితానికి మంచిదే. పోటీ గుండ్ల తొడుగు, ముక్కు పగలడానికి చేసినవి కావు. చిన్న ప్రాణిలోంచి దూసుకుపోయి నేల మీద ఎగిరిపడతాయి. రెండింటిలో మ్యాచ్ గ్రూపు రవ్వంత చిన్నగా వచ్చినా మైదానంలోకి పగిలే గుండునే తీసుకెళ్లాలి.

ఆ పగలడంలోనే ఒక చేటూ ఉంది. సీసం తునకలు కళేబరంలో మిగిలిపోతాయి, వాటిని గద్దలు, డేగలు తింటాయి. ప్రయరీ డాగ్‌లు తగ్గిపోవడం ఇంకో చేటు: వాటి మీదే బతికే నల్లకాళ్ల ఫెరెట్ అంతరించిందనే అనుకున్నారు, 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర మళ్లీ కనబడేదాకా. ఎక్కడ కాల్చకూడదన్నది ఆ కథ తెలిసినవాళ్లు తేల్చాల్సిన విషయం, తూటా చేసేవాళ్లది కాదు. సీసం సంగతి మాత్రం వాళ్ల చేతిలో ఉంది. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. బార్న్స్ కంపెనీ వార్మింట్ గ్రెనేడ్ అని రాగి, తగరం పొడిని అదిమి గుండు గర్భంగా పెట్టింది. అదీ తాకితే పొడి అవుతుంది, సీసం లేకుండానే. చిక్కల్లా సాంద్రతలో ఉంది. రాగి సీసం కంటే తేలిక, అందుకే .223లో ఆ గుండు 36 గ్రెయిన్లే తూగుతూ తన బరువున్న సీసపు గుండు కంటే పొడుగ్గా ఉంటుంది. పొడవు పెరిగిందంటే మళ్లీ మెలి లెక్కలోకి వచ్చినట్టే. పద్నాలుగు మెలి పాత బ్యారెల్ ఉన్నవాడు దీన్ని ఒక్క పెట్టె కొని, పది తూటాలు కాగితం మీద కాల్చి, చిల్లులు గుండ్రంగా పడ్డాయో లేదో చూసుకున్నాకే రెండో పెట్టెకు డబ్బు తీయాలి.